కోడి వీపుకు ఆనించిన చెవి

ఆత్మకూరు సంతలో ఒక్క పెట్టను కొనేదానికి మా నాయనకు సగం పూట పట్టేది. తురాయి ఎర్రగా ఉండాదా, కళ్లలో నీళ్లు కారతా ఉండాయా అని చూసేవాడు. రెక్కలెత్తి పేలు వెతికేవాడు. చివరికి వీపుకు చెవి ఆనించి గురక ఉండాదేమోనని వినేవాడు. ఉదయగిరికి తెచ్చినాక కూడా మిగతా కోళ్లలో కలపకుండా, గొడ్ల కొట్టంలో గంప కింద విడిగా పెట్టేవాడు. అంత జాగ్రత్త మనిషి.

ఆ చలికాలం మా అమ్మకు దగ్గు పట్టుకుంది. రొమ్ములో ఒకటే పిల్లికూతలు. ఏందని ఆయన అడిగిన పాపాన పోలేదు. పిల్లోళ్లకు అంటుకుంటుందని అమ్మ చాపను మా అవ్వ గొడ్ల కొట్టంలో వేయించింది. చాపకు చోటు కావాలని నాయన కోడి గంపను కొంచెం పక్కకు జరిపినాడు.

ఒకనాడు పొద్దున్నే అమ్మకు గంజి తీసుకుపోయినాను. నాయన అక్కడే ఉన్నాడు. గంప ఎత్తి, కొత్త పెట్ట వీపుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటున్నాడు. పక్కనే చాప మీద అమ్మ దగ్గుతోంది. ఆయన విసుగ్గా తల తిప్పినాడు.

"ఆ దగ్గు కాసేపు ఆపు. కోడికి గురక ఉండాదో లేదో తెలీడం లేదు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.