చావులేని టోపీ

ఏ ఫ్యాషన్‌కైనా ఒక పోయేకాలం ఉంటుంది. ఫెడోరా టోపీకి మాత్రం ఆ రాత రాసిపెట్టి లేదు. ఉన్నిని ఒత్తి చేసిన మెత్తటి ఫెల్టు, నడినెత్తిన పొడుగ్గా ఒక లోతు, ముందువైపు వేళ్ళతో గిల్లినట్టు రెండు నొక్కులు, చుట్టూ రిబ్బను, కళ్ళ మీదికి కాస్త వంగిన అంచు. ఆ పాటి దానికి లోకమంతా పడిచచ్చింది. లోకం సంగతి వదిలేయండి, దాని కింద నలిగిపోయిన మనిషి ఒకడున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని మేస్త్రి అనేవారు. భార్య కూడా అలాగే పిలిచేది, ఎగతాళికి మొదలుపెట్టి అలవాటులో పడి.

ఆయన టోపీల కొట్టులో అడుగుపెట్టింది ఒక్క చలికాలం కోసం. యజమాని చెయ్యి ఆవిరి గొట్టానికి తగిలి కాలింది. మానేదాకా సాయం చెయ్యమన్నాడు. మేస్త్రి మనసు అప్పట్లో పడవ ఇంజన్ల మీద ఉండేది. రేవులో ఒక మెకానిక్కు దగ్గర పని మాట్లాడుకున్నాడు కూడా. చలికాలం అయిపోయింది, చెయ్యీ మానింది, ఈలోగా రిబ్బన్లు కుట్టే యజమాని కూతురి మీద మనసు పడింది. ఇంకేముంది, యజమాని కాస్తా మావయ్య అయ్యాడు. అల్లుడికి భలే టోపీ పెట్టాడురా అని వీధిలో వాళ్ళు నవ్వుకున్నారు. మేస్త్రీ నవ్వాడు. అప్పుడు నవ్వొచ్చింది మరి.

మావయ్యకు ఆ టోపీ అంటే ప్రాణం. ఫెల్టుకు ఆవిరి పట్టినంతసేపూ దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు.

"ఇది మొదట మగాళ్ళది కాదు అబ్బాయ్. నూరేళ్ళు కావస్తున్న మాట. ఒక నాటకంలో ఒక నటి పెట్టుకుంది. ఆ నాటకం పేరే దీనికి అతుక్కుంది. తర్వాత ఆడవాళ్ళు పంతం కొద్దీ పెట్టుకుని వీధుల్లో తిరిగారు. మగాళ్ళు చూశారు, బాగుందనుకున్నారు, లాక్కున్నారు."

"అడక్కుండానా?" అంది పక్కనే సూదిలో దారం ఎక్కిస్తున్న కూతురు.

"వాళ్ళెప్పుడు అడిగారమ్మా."

ఆ తర్వాత దాన్ని పెట్టుకోనివాడు లేడట. బ్యాంకు గుమాస్తాలు, విలేకర్లు, పోలీసులు, ఆ పోలీసులు వెతికే దొంగలు, అందరూ. "గట్టి టోపీ దొరలది, గుడ్డ టోపీ కూలివాళ్ళది. ఇది మడిస్తే మడతపడుతుంది, వానలో నెత్తి కాస్తుంది, పెట్టుకున్నవాడు ఎవడో మాత్రం చెప్పదు. అందుకే అందరికీ కావాలి," అనేవాడు మావయ్య. విన్నవాడికి నిజమే అనిపించేది. అదే వచ్చింది చిక్కు.

పోయేముందు ఆయన అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. "అడిగేవాడు ఒక్కడున్నా కొట్టు మూయకు," అన్నాడు. మేస్త్రి సరేనన్నాడు. చెప్పొద్దూ, మాటివ్వడానికి కష్టమేమీ అనిపించలేదు. అప్పటికే అడిగేవాళ్ళు కరువయ్యారు. కార్ల కప్పులు కిందికి దిగి, టోపీతో కూర్చుంటే నెత్తి తగిలేది. కుర్రకారు జుట్టు పెంచుకుని, అది నలుగురికీ చూపించుకోవాలనుకుంది. వీధిలో తక్కిన టోపీల కొట్లు ఒక్కొక్కటే చెప్పుల కొట్లయ్యాయి. మహా అయితే ఇంకో ఏడాది అనుకుని మేస్త్రి వస్తున్నానని రేవుకు కబురు కూడా పెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఏదో సినిమాలో హీరో ఫెడోరా పెట్టుకున్నాడు. కొట్టు ముందు జనం. అది చల్లబడి, పీడా విరగడైందనుకునేసరికి పాటగాళ్ళు పట్టుకున్నారు. వాళ్ళు వదిలేస్తే ఫొటోల కోసం పెళ్ళికొడుకులొచ్చారు. వాళ్ళ మోజు తీరితే, తాతల పెట్టెలు గాలించి నలిగిన టోపీలు పట్టుకొచ్చే మనవలొచ్చారు, "అచ్చం ఇలాంటిదే చెయ్యండి" అంటూ. రేవులో మెకానిక్కు చూసి చూసి ఇంకెవణ్ణో పెట్టుకున్నాడు. మేస్త్రి కుడితిలో పడ్డ ఎలుకలా ఆ గదిలోనే తిరిగాడు.

గది ఎంతని? ముందు ఒక గాజు బీరువా, నిలువుటద్దం. వెనక ఆవిరి గది. అక్కడ గోడ పొడవునా అరలు, అరల నిండా చెక్క దిమ్మెలు, ఊళ్ళో ఉన్న నెత్తులన్నిటి సైజులూ. తడి ఫెల్టును దిమ్మె మీదికి లాగి బిగిస్తేనే టోపీ. గాలి తగిలితే ఫెల్టు ముందే బిగుసుకుంటుందని కిటికీ తెరిచేవారు కాదు. భార్యాభర్తలు ఉండేది ఆ పైనే. ఆవిరి మెట్లెక్కి పడగ్గదిలోకి వచ్చేది. పరుపు చెమ్మ, గోడ చెమ్మ, ఆరేసిన చీర చెమ్మ. ఆ చెమ్మ మెల్లగా ఆవిడ ఊపిరితిత్తుల్లోకి దిగింది.

"మందులు నేనిస్తాను, గాలి నేనివ్వలేను కదా," అన్నాడు డాక్టరు. "ఇల్లొక్కటే కాదు, ఈ నది ఒడ్డే వదిలెయ్యండి. ఇంకో చలికాలం ఇక్కడుంటే ఆవిణ్ణి నేను కాపాడలేను."

ఆవిడ అక్క ఉండే ఊరు ఎత్తు మీద ఉంటుంది, పొడి గాలి. వాళ్ళింట్లో గది ఖాళీగా ఉంది, రండి రండి అని అక్క ఒకటే పోరు.

"వెళ్దాం మేస్త్రీ," అంది ఆవిడ.

"మాటిచ్చాను కదే."

"ఇచ్చింది మా నాన్నకే కదా."

"మీ నాన్నకే కాబట్టే."

ఆవిడ అటు తిరిగి పడుకుంది. ఆ ఈల వేసే ఊపిరి వింటూ మేస్త్రి ఒక ఉపాయం ఆలోచించాడు. కొట్టు మూయనన్నాడు గానీ, టోపీలు బాగా చేస్తానని ఎవరికీ మాటివ్వలేదు.

ఫెడోరాకు ప్రాణం చివరి నొక్కులో ఉంటుంది. ఫెల్టు ఆవిరితో వేడిగా ఉన్నప్పుడు ఒక పక్క బొటనవేలు, ఒక పక్క రెండు వేళ్ళు పెట్టి ఒక్కసారి నొక్కాలి. ఆ నొక్కు ఇక చెరగదు. రెండు పక్కలా ఒక్కలా ఉండాలని మావయ్య ప్రాణం తీసేవాడు. మేస్త్రి కావాలనే ఒక నొక్కు పైకి, ఒకటి కిందికి నొక్కాడు. పైభాగం ఎడమకు ఒరిగింది. అంచు కూడా ఒక మూల జారవిడిచాడు. చూస్తే ఎవరో దాని మీద కూర్చుని లేచినట్టుంది. హమ్మయ్య అనుకున్నాడు.

దాన్ని తీసుకోవలసినవాడు ఒక వకీలు. అద్దం ముందు పెట్టుకుని అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేస్త్రీ," అన్నాడు వకీలు నెమ్మదిగా, "ఇది పెట్టుకుంటే నేనేదో లోతుగా ఆలోచిస్తున్నట్టున్నానే."

ఆ వారంలోనే కోర్టులో సగం మంది వచ్చారు. వంకర నొక్కుది కావాలట. చక్కటివి ఇస్తే మొహం చిట్లించారు. అదేం ఖర్మో, చెడగొట్టిన కొద్దీ గిరాకీ పెరిగింది. సంగతి విని ఆవిడ నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గు తెర వచ్చి మెట్ల మీదే కూలబడింది.

"చెడగొట్టడం కూడా చేతకాలేదు మీకు," అంది ఊపిరి అందాక.

మేస్త్రి మంచినీళ్ళ గ్లాసు అందించాడు. ఆయనకు భయమేసింది. టోపీ ఉంటుంది, తను ఉంటాడు, ఈ మనిషే ఉండదు. ఆ ముక్క తోచగానే మావయ్య మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

చలి మొదలవగానే ఆవిడ పెట్టె సర్దింది. "ఇద్దరికీ సీట్లు చెప్పించాను. మాటిచ్చింది మీరు, నేను కాదు. వస్తే రండి," అంది.

"వస్తున్నా," అన్నాడు మేస్త్రి.

అన్నట్టే చేశాడు. ఒప్పుకున్న టోపీలన్నీ ఇచ్చేశాడు. కొత్తగా వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే పంపేశాడు. బతిమాలినవాళ్ళకు కూడా లేదు పొమ్మన్నాడు. మావయ్యకిచ్చిన మాటను అలా నోటితోనే తుంచేశాడు. వీధి ముక్కున వేలేసుకుంది. ఆవిడ మాత్రం ఎన్నాళ్ళకో కూనిరాగం తీసింది.

బయల్దేరే పొద్దున మేస్త్రి పెట్టెను బస్సు మీదికి ఎక్కించాడు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, ఎవరూ కూర్చోకుండా పక్క సీటు మీద చెయ్యి వేసుకుని ఉంది. మేస్త్రి బస్సెక్కాడు. సీటు దాకా వచ్చి ఆగిపోయాడు.

"దిమ్మె మీద ఒకటుంది," అన్నాడు. "పొద్దున లేవగానే ఎక్కించాను. గట్టిపడాలని జిగురు పూశాను, అలా వదిలేస్తే దిమ్మెకు అతుక్కుపోతుంది. నువ్వు పద. తీసేసి సాయంత్రం బస్సుకి వచ్చేస్తా."

"ఎవరిదది?" అంది ఆవిడ.

మేస్త్రి చెప్పబోయి ఆగాడు. వకీలుది ఇచ్చేశాడు. కోర్టు వాళ్ళవన్నీ ఇచ్చేశాడు. వచ్చినవాళ్ళనందర్నీ తనే పంపేశాడు. ఎంత వెతుక్కున్నా ఒక్క మొహం తట్టలేదు.

"ఎవరూ అడగలేదు," అన్నాడు.

ఆవిడ తలెత్తి ఆయన్ని చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. లేదు.

"ఇన్నాళ్ళూ మా నాన్నని తిట్టుకున్నాను," అంది.

కండక్టరు వెనకనుంచి, "ఎక్కుతారా, దిగుతారా?" అన్నాడు. ఆవిడ ఒళ్ళో ఉన్న సంచి తీసి పక్క సీట్లో పెట్టుకుంది. మేస్త్రి దిగాడు.