టీవీలో పడ్డ ఏడు మిరపకాయలు

నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఏభైకి దగ్గర పడ్డారు. చిలకలూరిపేట బస్టాండులో కనిపిస్తే నా ఒంట్లో ఎలా ఉందని తర్వాత అడుగుతారు, ముందు బడి టీవీ సంగతే ఎత్తుతారు. "రోజూ టీవీ పాఠం చూసేవాళ్ళం కదండీ టీచర్!" అంటారు. రోజూ కాదు. 1985 జూన్‌లో బడి తెరిచింది మొదలు మళ్ళీ వేసవి సెలవుల దాకా నూట నలభై రెండు పాఠాలు వస్తే నూట పందొమ్మిది చూశాం. పదిహేడు కరెంటు లేక పోయాయి. ఆరు నేను సెలవు పెట్టడం వల్ల పోయాయి, టీవీ పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉండేది మరి. అవన్నీ ఏ రోజుకా రోజు రిజిస్టరులో రాసేదాన్ని.

మాది రెండు గదుల బడి. ప్రభుత్వం వాళ్ళు డాబా మీద ఇనుప వలతో గొడుగులాంటి యాంటెనా బిగించి, చెక్కపెట్టెలో పెట్టిన టీవీ ఒకటి ఇచ్చి వెళ్ళారు. ఊళ్ళో అప్పటికి ఇంకో టీవీ లేదు. మిరపకోతల రోజుల్లో మా బడి సగం ఖాళీ అయ్యేది. కూలికి పోయే తల్లుల వెంట పిల్లలూ చేలోకి పోయేవాళ్ళు. టీవీ వచ్చాక ఆ పిల్లలే పొద్దున వచ్చి పాఠం చూసి, ఆ తర్వాత చేలోకి పరుగెత్తడం మొదలుపెట్టారు. పూట చదువైనా చదువే కదా.

1986 జూన్‌లో బడి తెరవగానే కబురొచ్చింది. పక్క ఊరి బడివాళ్ళు ఆ టీవీ తమకిమ్మని అర్జీ పెట్టుకున్నారట. వాళ్ళది కొత్త బిల్డింగు, పిల్లలూ ఎక్కువ. జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి, మా టీవీ ఎలా ఉందో, మేమెలా వాడుతున్నామో చూసి, ఎవరికి ఉండాలో అక్కడికక్కడే తేలుస్తాడని.

సోమవారం పొద్దున ఆయన రావడానికి అరగంట ముందు నేను పెట్టె తాళం తీశాను. సెలవుల్లో బొద్దింకలూ చీమలూ చేరకుండా టీవీ పైన ఎండుమిరపకాయలు పెట్టి వెళ్ళాను. కందిపప్పు డబ్బాలో వేస్తాం కదా, అలాగే. ఇరవై అయిదు పెట్టాను. ఇప్పుడు తీసి లెక్కపెడితే పద్దెనిమిదే ఉన్నాయి. పెట్టె అడుగున చూశాను, వెనక చూశాను. టీవీ వెనక మూతకి గాలి ఆడటానికి వేలు పట్టేంత సందులున్నాయి. సెలవుల్లో గోడలకి సున్నం వేసినవాళ్ళు పెట్టెని వొరగేసి జరిపినట్టున్నారు. రెండు చేతులా టీవీని పట్టుకుని మెల్లగా ఊపాను. లోపల గింజలు గలగలలాడాయి.

మూత స్క్రూల మీద లక్కముద్ర ఉంది. మెకానిక్కు తప్ప ఇంకెవరు విప్పినా టీవీ వెనక్కి తీసుకుంటామని ఇచ్చిననాడే చెప్పారు.

హెడ్మాస్టారికి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "ఎన్ని పడ్డాయమ్మా?"

"ఏడండి."

"ఏడుకి ఏమవుద్దిలే! పది నిమిషాలు చూపించి కట్టేద్దాం. నువ్వు మాత్రం నోరెత్తకు."

ఆఫీసరు రాగానే రిజిస్టరు అడిగాడు. పేజీలు తిప్పి నవ్వాడు. "నూట పందొమ్మిదా! ఏమ్మా, ఇంటి దగ్గర తీరిగ్గా కూర్చుని రాశారా? నేను చూసిన ప్రతి బళ్ళోనూ ఇదే వరస."

"ఏ రోజుది ఆ రోజే రాశానండి."

"అందరూ అదే అంటారు. వేయండి, చూద్దాం."

నలభై ఆరుగురు పిల్లలు నేల మీద సర్దుకున్నారు. నేను స్విచ్చి వేశాను. బొమ్మ వచ్చింది. వాన ఎలా కురుస్తుందో చెప్పే పాఠం. నేను తెర చూడలేదు, చేతి గడియారమే చూశాను. ఒక నిమిషం. రెండు. మూడు. ఆఫీసరు కుర్చీ ముందుకు లాక్కుని టీవీకి దగ్గరగా కూర్చున్నాడు. నాలుగో నిమిషంలో నా గొంతు గరగరలాడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ముందు వరసలో ఒకడు తుమ్మాడు. వెనక ముగ్గురు తుమ్మారు. మూడో తరగతి పిల్ల ఒకతె లేచి నిలబడి, "టీచర్, టీవీలోవాళ్ళు తాలింపు పెడుతున్నారండి!" అంది.

ఆఫీసరు నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగలేదు. కళ్ళు మూసుకుని గుమ్మం వెతుక్కుంటూ బయటికి పరుగెత్తాడు. నేను స్విచ్చి కట్టేసి పిల్లల్ని వరండాలోకి తోలాను.

ఆయన కుండలో నీళ్ళు ముంచుకుని మొహం కడుక్కుని, ఎర్రటి కళ్ళతో మా వైపు తిరిగాడు. "ఏంటండీ ఇది? టీవీ కాలిపోయిందా?"

"అవునండీ," అన్నారు హెడ్మాస్టారు. "లోపల ఏదో వైరు పోయినట్టుంది. మా తప్పేం లేదండి."

ఆయన నన్ను కాయాలనే అన్నారు. కానీ కాలిపోయిందంటే టీవీ రిపేరుకి గుంటూరు పోతుంది. అక్కణ్ణుంచి తిన్నగా పక్క ఊరికి పోతుంది. వరండాలో పిల్లలు తుమ్ముతూనే మా మొహాలు చూస్తున్నారు.

"టీవీ బాగానే ఉందండి," అన్నాను. "లోపల మిరపకాయలున్నాయి. పురుగు పట్టకుండా నేనే పెట్టాను. ఏడు జారి లోపల పడ్డాయి."

"పురుగు పట్టకుండానా? టీవీ అనుకున్నారా, కందిపప్పు అనుకున్నారా అమ్మా?" అన్నాడు. "ఏడని ఎలా తెలుసు?"

"ఇరవై అయిదు పెట్టాను. పద్దెనిమిది తీశాను."

ఆయన జీపు డ్రైవర్ని స్క్రూడ్రైవరు తెమ్మన్నాడు. లక్కముద్ర తన పూచీ మీద తనే పగలగొట్టాడు. మూత తీసి, ముక్కుకి రుమాలు కట్టుకుని, ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆరు దగ్గర ఆగాడు. "అంతే. ఆరే."

"ఏడండి," అన్నాను. ఆరే అయితే నా మాటకి విలువ లేదు. నా మాటకి విలువ లేకపోతే ఆ నూట పందొమ్మిదికీ లేదు.

ఆయన విసుక్కుంటూనే మళ్ళీ వంగాడు. కాసేపటికి వేడెక్కే భాగం పక్కనుంచి నల్లటి మసి, మాడని తొడిమ ఒకటి తీసి వెలుగులో పట్టి చూశాడు. పొగ పెట్టింది అదే.

మూత బిగించి, బల్ల మీద కూర్చుని రెండు కాగితాలు రాశాడు. ఒకటి నాకు మెమో. ఆ ఏడాది నా ఇంక్రిమెంటు ఆరు నెలలు ఆగింది. రెండోది హెడ్మాస్టారి చేతికిచ్చి, "టీవీ ఇక్కడే ఉంటుంది. ఆ రిజిస్టరు నిజమేలెండి," అన్నాడు. "ఇంకోసారి వేయండి, పనిచేస్తుందో లేదో చూసి పోతాను."

వేశాను. తెలుగు పిల్లల పాఠం టైము అప్పటికే అయిపోయింది. తర్వాత వచ్చేది వేరే రాష్ట్రం పిల్లలకి, వాళ్ళ భాషలో. ఒక్క ముక్క అర్థం కాదు. తెర మీద ఎవరో ఆవిడ పిల్లలకి గాలిపటం చేయడం చూపిస్తోంది. మా వాళ్ళు చొక్కా చేతులతో ముక్కులు తుడుచుకుంటూ లోపలికొచ్చి కూర్చున్నారు. జీపు వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది. అయినా ఎవ్వరూ తల తిప్పలేదు, నేనూ స్విచ్చి కట్టలేదు.