వరద భత్యం మాఫీ

కోడి కూయకముందే నీళ్ళలో నానేసిన పొఖాళొ చద్దన్నం, వేయించిన వడియాలు డబ్బాలో సర్ది మొగుణ్ణి నది గట్టుకు పంపేది సేవతి. ఆయన గోలఖ బెహరా, మహానదిలో నీటిమట్టం కొలిచే ప్రభుత్వోద్యోగి. ఆయన చనిపోయాక ఆ డబ్బా తనకే సర్దుకుంటోంది, అదీ సోమవారాలే, కటక్ ఆఫీసుకు వెళ్ళడానికి.

వానాకాలంలో మాత్రమే ఇవ్వాల్సిన వరద భత్యాన్ని, కార్తీకంలోనూ నది పొంగిన ఒక ఏడు ఆపకుండా పొడిగించారు. తర్వాత ఆపమని ఎవరూ రాయలేదు. ఎండాకాలం కొలబద్ద ఒట్టి ఇసుకలో నిలబడ్డా ఆయనకు వరద భత్యం పడుతూనే వచ్చింది. ఇప్పుడు అదంతా రాబట్టడానికి సేవతి పింఛనులో నెలనెలా సగం కోసుకుంటామన్నారు. మిగిలే సగం బియ్యానికే చాలదు. మాఫీ చెయ్యమని ఆమె అడుగుతోంది.

"గోలఖ బెహరా తాలూకు ఎవరు?" గుమాస్తా మాయాధర్ ప్రతి సోమవారం కిటికీలోంచి కేకేసేవాడు.

"నేనే బాబూ."

"మీ ఆయన మండుటెండల్లో వరద చూశాడట మావుసీ! మాకెందుకు చూపించలేదో?"

ఆ రోజు చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సేవతి నవ్వలేదు.

"ఈ డబ్బు నాది కాదని చెప్పడానికి ఆయన నీ దగ్గరికే వచ్చారు బాబూ. పైనుంచి వచ్చేదాన్ని ఆపడానికి నేనెవణ్ణి, పోయి పాన్ వేసుకో అన్నావట."

మాయాధర్ నోట్లో పాన్ నమలడం ఆపాడు. "అన్నాను," అన్నాడు. "ఆ మాటే రాసి పైకి పంపుతాను. నాకు చివాట్లు పడితే పడనీ."

వానలు వెలిసే వేళకు అతనే ఫోన్ చేశాడు.

"మాఫీ అయిపోయింది మావుసీ! తప్పు ఆఫీసుదేనన్నారు. పైసా కొయ్యరు. నెలాఖరులోగా వచ్చి సంతకం పెట్టు, ఫైలు మూసేస్తాను. నీకిక ఈ తిరుగుడు లేదు."

పక్కింటి కుంతల వచ్చి, "హాయిగా కాళ్ళు చాపుకో అపా. ఇంకా ఆ మొహం ఏమిటి?" అంది.

పెళ్ళయిన నాటినుంచీ ఆయన పేరు సేవతి నోట రాలేదు. ఆ ఊళ్ళో ఏ ఇల్లాలూ మొగుడి పేరు పలకదు. పిల్లలు లేరు. ఊరికి ఆయన 'కొలబద్ద బాబు', అంతే. ఆ పేరు గట్టిగా పిలిచేది ఆ కిటికీ ఒక్కటే.

సోమవారం బస్సు మలుపులో ఆగి హారన్ కొట్టింది. సేవతి అరుగు మీద చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. ఆ ఆఖరి పిలుపుకు నెలాఖరు దాకా టైముంది. కండక్టరు చెయ్యి ఊపి రమ్మన్నాడు. రానన్నట్టు తల అడ్డంగా ఆడించింది.