బాలకిషన్ గారి చేతులు, రెండో నంబర్ తుపాకీ

ఆబిడ్స్ సందులో నాది కళ్లజోళ్ల దుకాణం, పక్కది బాలకిషన్ గారి గడియారాల దుకాణం. మధ్యలో ఒక్క చెక్క గోడ. ఇరవై ఏళ్లుగా ఆ గోడ నన్ను ఆయన నుంచి కాపాడలేకపోయింది. స్క్రూ కనిపిస్తే ఆయన చేతులు ఊరుకోవు. నేను క్యారియర్ విప్పి భోజనానికి కూర్చుంటే చాలు, వచ్చి నా కొత్త ఫ్రేములన్నీ బిగించి పోతారు. "లూజుగున్నయి ప్రసాద్ భాయ్, నీకు కనిపిస్తలేదు" అంటారు. కళ్లజోళ్లవాడితో అనదగిన మాటేనా అది? ఆ బిగింపులకి రెండు అద్దాలు పగిలాయి కూడా. మోజంజాహీ మార్కెట్ మీదుగా వెళ్లినప్పుడు అందరూ పెద్ద గడియారం చూసి చేతి గడియారం దిద్దుకుంటారు. ఈయన చేతి గడియారం చూసి, పెద్దది బాగానే నడుస్తోందని తలూపుతారు.

ఆయనకు అరవై నాలుగేళ్లు. భార్య ప్రభావతి గారు మిక్సీని ఆయన కంటపడకుండా బియ్యం డబ్బా వెనక దాచుకుని కాపురం చేస్తున్నారు. కొడుకు కూతురు ప్రణవి పదమూడేళ్ల పిల్ల, నాంపల్లిలో చదువుతోంది. దాని కళ్లజోడు నా దగ్గర చేయించిందే. పరుగు పందెంలో చివర, ఖోఖోలో ఆట మొదలవగానే ఔట్. ఏ జట్టులోనూ ఇంతవరకు దాని పేరు లేదు. పోయిన జనవరిలో ఆ బడిలో ఎయిర్ రైఫిల్ జట్టు కడుతున్నామన్నారు. నాలుగే స్థానాలు. పిల్ల అన్నం దగ్గర కూడా ఒక కన్ను మూసుకునే తినడం మొదలుపెట్టింది.

పిల్లకి స్థానం వస్తుందనడంలో తాతకి అనుమానమే లేదు. ఏటా నాంపల్లిలో జరిగే పెద్ద ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో కరుణాకర్ అనే అతను బెలూన్లు కాల్చే స్టాల్ పెడతాడు. అతని తుపాకుల స్ప్రింగులు మార్చేది బాలకిషన్ గారే, అదీ ఉచితంగా. ఆ చనువుతో మనవరాలిని రోజూ తీసుకెళ్లేవారు. రెండో నంబర్ తుపాకీతో ఆ పిల్ల పదింట్లో తొమ్మిది బెలూన్లు పేల్చేది. "సీటు ఎవని అయ్య ఆపుతడో చూస్త" అని సందంతా చెప్పుకొచ్చారు.

బడిలో మొదటి ప్రాక్టీసు నాడు ప్రణవి కాల్చిన ప్రతి పెల్లెట్టూ గురికి కుడి పక్కన పడింది. పదికి పది. కోచ్ ఏమీ తిట్టలేదు, ఎంపిక పది రోజుల తర్వాత ఆదివారం ఉంటుంది, అప్పటికి సరిచేసుకో అన్నాడు. పిల్ల నా దుకాణానికి వచ్చి కళ్లజోడు బల్ల మీద పెట్టి, "అంకుల్, నా కండ్లు ఖరాబైనయా?" అని ఏడ్చింది. పరీక్షించాను. కళ్లు శుభ్రంగా ఉన్నాయి.

గోడ అవతల నుంచి బాలకిషన్ గారు ఇదంతా విన్నారు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, నుమాయిష్ గేట్లు తెరవకముందే, నన్నూ, బడిలో చెప్పి తెచ్చుకున్న పిల్లనీ స్టాల్‌కి లాక్కుపోయారు. రెండో నంబర్ తుపాకీని ఇసుక సంచి మీద ఆనించి, అట్టముక్క మీద నల్ల చుక్క పెట్టి, దాని నడిమధ్యకి గురి చూసి కాల్చారు. పెల్లెట్ నాలుగు వేళ్లు ఎడమకి పడింది. విషయం తేలిపోయింది. ఎన్నో ఏళ్లుగా జనం దాని మీద బరువంతా వేసి ఆనుకుంటే గురి చూసే గాడి పక్కకి జరిగింది. పిల్ల ఆ వంకరకి అలవాటుపడి, తనకు తెలియకుండానే కుడికి గురి పెడుతోంది. చక్కటి రైఫిల్ చేతికిస్తే కుడికి పోక ఇంకెక్కడికి పోతుంది?

"దీన్ని సక్కగ చేస్త. పిల్ల సక్కటి దానితోనే నేర్చుకుంటది" అని బాలకిషన్ గారు చొక్కా చేతులు మడిచారు.

గొట్టం కొసన ఒక చిన్న మేకు నిలబడి ఉంటుంది, కంటికి దగ్గరగా ఒక గాడి ఉంటుంది. గాడి నడుమ మేకు, మేకు కొసన చుక్క, ఇంతే లెక్క. ఈ మహానుభావుడు గడియారాలు చూసే భూతద్దం కంటికి తగిలించుకుని గురి చూశారు. దగ్గరి వస్తువులు పెద్దవిగా కనపడ్డాయి, అట్టముక్క మాత్రం మాయమైపోయింది. పెల్లెట్ వెళ్లి బహుమతిగా వేలాడదీసిన టెడ్డీబేర్ చెవిలో దిగింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

భూతద్దం తీశాక ఇంకో రోగం మొదలైంది. ఒకటి కాల్చడం, స్క్రూ తిప్పడం. మళ్లీ ఒకటి, మళ్లీ తిప్పడం. అట్టముక్క మీద తట్టు పోసినట్టు చిల్లులు పడ్డాయి తప్ప ఒక దారీ తెన్నూ లేదు. అరగంట చూసి ప్రణవి అడిగింది.

"తాతా, ఒక్క నిమిషం చూసి గడియారం ఫాస్టా స్లోనా చెప్తవా?"

"ఎట్ల చెప్తనే? ఒక దినమన్నా నడవనియ్యాలె."

"మరి గీడ ఒక్క గుండుకే ఎందుకు తిప్పుతున్నవ్?"

నలభై ఏళ్ల అనుభవమున్న మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టారు. ఆ సందు చూసుకుని నేనూ నా వృత్తి ధర్మం నెరవేర్చాను. కన్ను ఒకసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూస్తుంది, గాడి, మేకు, చుక్క మూడింటినీ ఒకేసారి చూడాలనుకుంటే ఏదీ కనపడదు, అందుకని మేకుని స్పష్టంగా చూడు, చుక్క మసకగా ఉన్నా ఫరవాలేదు అన్నాను. ఈసారి ఆయన దేన్నీ ముట్టకుండా ఐదు కాల్చారు. ఐదు చిల్లులూ రూపాయి బిళ్లంత చోటులో, చుక్కకి ఎడమగా పడ్డాయి. పెల్లెట్ ఎటు పోవాలో గాడిని అటు జరపాలి కనుక గాడిని కుడికి జరిపారు. మళ్లీ ఐదు. చుక్క మీద చిల్లులు పడ్డాయి. తాతా మనవరాలూ గంతులేశారు.

అక్కడితో ఆగితే ఆయన బాలకిషన్ ఎందుకవుతారు? ఆ ఊపులో మిగిలిన నాలుగు తుపాకుల్నీ చక్కచేసి పారేశారు.

సాయంత్రం ఆరింటికి బబ్లూ వచ్చాడు. గౌలిగూడలో ఆటో నడుపుతాడు. ఎనిమిదేళ్లుగా రెండో నంబర్‌తో వరసగా ఆరు బెలూన్లు పేల్చి పేరు తెచ్చుకున్నవాడు. ఆ రోజే భార్య స్నేహని, బావమరిదిని తన ప్రతాపం చూడమని వెంటబెట్టుకొచ్చాడు. ఆరూ తప్పాడు. పక్కన ఎన్నడూ తుపాకీ పట్టని ఒకావిడ పర్సు చంకన పెట్టుకుని నాలుగు పేల్చింది. స్నేహ చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వింది. బావమరిది అంత మర్యాద కూడా పాటించలేదు.

"గన్ మార్చిన్రు! నా గన్ నాకు గావాలె!" అని బబ్లూ గగ్గోలు పెట్టాడు. పాత గిరాకీ అంతా అతని వెనక చేరింది. ఏ తుపాకీ వంకర ఏదో వాళ్లకి కంఠస్థం. ఆ చదువంతా ఒక్క మధ్యాహ్నంలో మట్టిలో కలిసిపోయింది.

కరుణాకర్ తల పట్టుకున్నాడు. "కాకా, నీకు దండం పెడ్త, ఎట్లుండెనో గట్లనే చెయ్."

అక్కడే చిక్కొచ్చింది. చక్కగా చెయ్యడానికి చుక్క ఉంది. మునుపటి వంకర ఎంతో ఎవరు రాసిపెట్టారు? బబ్లూ నెత్తిన నిలబడి "గంత గాదు కాకా, జర ఇటు. అరే, ఎక్కువైంది" అంటుంటే బాలకిషన్ గారు గంటసేపు చెమటలు కక్కారు. చివరికి రెండో నంబర్ ఆకాశంలోని జెయింట్ వీల్ వైపు కాల్చడం మొదలుపెట్టింది. కరుణాకర్ దాన్ని లాక్కున్నాడు.

"రేపటి సంది నువ్వు రా కాకా, వద్దంటలే. నీ చేతులు ఇంట్ల పెట్టి రా. పాప ఐదో నంబర్ తీస్కోని ప్రాక్టీస్ చేస్కుంటది. ఏం తిప్పాలన్నా పాపనే తిప్పాలె. నువ్వు ముట్టినవో, అంతే."

ఆదివారానికి ఇంకా తొమ్మిది రోజులు. రోజూ బడిలో చెప్పి పిల్లని ముందే తెచ్చుకుని, రెండింటికి ఇద్దరూ వెళ్లేవారు. ముందురోజు జనం చేతుల్లో నలిగిన ఐదో నంబర్ రోజుకో దిక్కు చూసేది. ప్రణవి ఐదు కాల్చి, ఆ ఐదింటి నడుమ ఎక్కడుందో చూసుకుని, స్క్రూ తిప్పి, మళ్లీ ఐదు కాల్చేది. తాత చేతులు ఖాళీగా ఉండకూడదని బడిసంచి, నీళ్ల సీసా ఇచ్చి పట్టుకోమనేది. పిల్ల స్క్రూ తప్పుగా తిప్పినప్పుడల్లా ఆయన ఆ సంచి జిప్పుని ఇటూ అటూ లాగేవారు. నాలుగో రోజుకి జిప్పు ఊడిపోయింది. తుపాకీని మాత్రం ముట్టలేదు.

ఆదివారం నేనూ దుకాణం మూసి వెళ్లాను. బడి మైదానంలో తాడు కట్టి పెద్దల్ని అవతల నిలబెట్టారు. పిల్లలకి రైఫిళ్లు పంచి, ఇవి పాతవి, గురి చూసుకోవడానికి ఐదైదు పెల్లెట్లు రెండుసార్లు ఇస్తాం, ఎవరిది వాళ్లే సరిచేసుకోవాలి, పెద్దలు నోరు విప్పితే పిల్లని పంపేస్తాం అన్నాడు కోచ్. సగం మంది పిల్లలు తండ్రుల వైపు బేలగా చూశారు. ప్రణవి ఐదు కాల్చింది. ఐదూ గుంపుగా, చుక్కకి కింద ఎడమన పడ్డాయి. స్క్రూడ్రైవర్ తీసుకుని గాడిని కొంచెం పైకి లేపింది. తర్వాత పక్క స్క్రూ తిప్పింది. ఎడమకి తిప్పింది!

బాలకిషన్ గారి గొంతులోంచి కుక్కర్ కూతలాంటి చప్పుడొకటి బయలుదేరింది. ఆయన తొడ గిల్లాను. తొమ్మిది రోజుల కష్టం, ఒక్క మాటతో పోతుంది. ఆయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నారు. పిల్ల రెండో విడతలో ఒక పెల్లెట్ కాల్చింది. ఇంకా ఎడమకి పోయింది. మా వైపు చూడలేదు. తుపాకీ వైపు చూసి, తనలో తను నవ్వుకుని, అంతకు రెండింతలు కుడికి తిప్పింది. మిగిలిన నాలుగూ చుక్కని కొరుక్కుతిన్నాయి. అసలు పోటీలో మూడో స్థానం వచ్చింది. జట్టు కాగితం మీద ప్రణవి అని పేరు రాశారు.

కోచ్ తాడు దగ్గరికి వచ్చాడు. "తాతగారు మెకానిక్ అంట కదా. రైఫిల్ చక్కచెయ్యడం అంతా మీ చేతి చలవేనా సార్?"

ఈయన ఔనంటారని, పైగా అరగంట చెబుతారని నేను సిద్ధపడ్డాను. బాలకిషన్ గారు రెండు చేతులూ చంకల్లోంచి తీసి చూపించారు.

"నేను ముట్టలే సార్. ఒక్క స్క్రూ గూడ ముట్టలే" అన్నారు. ఆ మాట అంటూనే భోరుమన్నారు.

నాకూ కళ్లు నిండాయి. అద్దాలు తుడిచే గుడ్డ జేబులోనే ఉంది. ముందు ఆయనకిచ్చి, తర్వాత నేను తుడుచుకున్నాను.