ఆసుపత్రి నంబరుకి పలికిన మామిడి కొట్టు

ఎనభైల్లో నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల మధ్య ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం. పాత ఎక్స్ఛేంజి అద్దె పెంకుటింట్లో ఉండేది. ఎవరు ఫోనెత్తినా బోర్డు మీద వాళ్ల పేరు దగ్గర చిన్న మూత టక్కున పడేది. "ఎవరు కావాలండీ?" అని అడిగి ఆ లైను, ఈ లైను చేత్తోనే కలిపేదాన్ని. నంబర్లతో ఎవరికీ పని లేదు. "ఆసుపత్రి ఇవ్వమ్మా" అంటే చాలు.

ఆ వేసవిలో కొత్త బిల్డింగులోకి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. మామిడి సీజను కదా, ఫోన్లు ఒక్క పూట ఆగినా వ్యాపారులు ఊరుకోరు. అందుకని ప్రతి లైనుకీ పాతచోటి తీగ ఉంచి, కొత్తచోటికి ఇంకో తీగ లాగారు. "కొత్తచోట పట్టు దొరికాకే పాతచోట వదలాలి" అనేవారు మా ఇంజనీరు గారు. ఒక ఆదివారం పొద్దున కొత్త వైపు కలిపి, పాత వైపు తెంపేశారు. ప్రతి నంబరూ తిప్పి చూశారు. అన్నీ మోగాయి, అందరూ "హలో" అన్నారు. స్వీట్లు పంచుకున్నాం. బయటి ఊళ్ల కాల్స్ మాత్రం ఇంకా నా దగ్గరికే వచ్చేవి. ఇక్కడి నంబరు నేనే తిప్పి, అవతల ఎత్తగానే పక్కకి తప్పుకోవాలి.

మర్నాడు మధ్యాహ్నం చాట్రాయి వైపు ఒక పల్లె పోస్టాఫీసు నుంచి కాల్.

"ఆసుపత్రి కలపండమ్మా, తొందరగా."

కలిపాను. ఎవరో ఎత్తారు. కాసేపటికి మళ్లీ అదే మగ గొంతు. మళ్లీ కలిపాను. మూడోసారి అతను ఏడుస్తున్నాడు.

"మీకు దండం పెడతానమ్మా. ఆసుపత్రి ఇమ్మంటే మామిడికాయల కొట్టు ఇస్తున్నారేంటి? తోటలో రాలిన కాయలేరుతుంటే మా ఆవిణ్ణి పాము కరిచింది!"

అతన్ని లైన్లోనే ఉండమని, ఆసుపత్రి నంబరు తిప్పాను. పలికింది మామిడికాయల కమీషన్ కొట్టు షావుకారు. ఆయన గొంతు నాకు బాగా తెలుసు. నేనెవరో చెప్పగానే గబగబా అందుకున్నాడు.

"మొదటిసారి రాంగ్ నంబరని పెట్టేశానమ్మా. రెండోసారి పాము కరిచిందని ఊరి పేరు చెప్పాడు. వ్యాను పంపుతానని చెప్పేలోగా అతనే పెట్టేశాడు. మా వ్యాను బయల్దేరిపోయింది, ఆ మనిషికి చెప్పు!"

ఆ మాట అతనికి చెప్పాను. ఏం తోచిందో, ఈసారి కొట్టు నంబరు తిప్పాను.

"ఆసుపత్రండీ" అన్నాడు కాంపౌండరు.

వెంటనే పాముకాటు కేసు వస్తోందని, మందు సిద్ధం చేయమని చెప్పాను.

సంగతి విని లైన్‌మాన్ తల పట్టుకున్నాడు. ఎప్పుడో గాలివానకి తీగలు తెగితే, స్తంభం దగ్గర ఆ రెండు లైన్లూ తారుమారు అయ్యాయట. పాత బోర్డు మీద పేర్లు మార్చి అతికించి సరిపెట్టారు. కొత్త ఎక్స్ఛేంజికి అసలు ప్లాను చూసి తీగలు కలిపారు. మోగిందా లేదా అని చూశాం గాని, పలికిందెవరో ఒక్కరమూ అడగలేదు.

ఆమెను వ్యానులో, కాయల కోసం పరిచిన ఎండుగడ్డి మీద పడుకోబెట్టి తెచ్చారు. బతికింది. కరిచిన చెయ్యి మాత్రం ఆ తర్వాత సరిగ్గా స్వాధీనంలోకి రాలేదని విన్నాను. మొదటి కాల్‌కే ఆసుపత్రి జీపు వెళ్లివుంటే ఎలా ఉండేదో డాక్టరు గారు చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సాయంత్రం షావుకారు ఎక్స్ఛేంజికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాం. గుమ్మం దగ్గరే నిలబడి, "ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయండీ?" అన్నాడు.

అప్పటికప్పుడు ఒక్కో నంబరూ తిప్పుతూ, "ఎవరండీ మాట్లాడేది?" అని అడగడం మొదలుపెట్టాను. ఇంజనీరు గారు నా పక్కనే నిలబడ్డారు. పోలీస్ స్టేషన్ నంబరుకి రైస్ మిల్లు గుమాస్తా పలికాడు.

ఇంజనీరు గారు అక్కడున్న కేబుల్ చుట్ట మీద కూలబడిపోయారు.