మంచు రాక్షసుడికి ఎండదెబ్బ

మా ఫిలోమినమ్మకు ఎండ పడదు. తన మీద పడితే లెక్కచెయ్యదు. ఎదుటివాడి మీద పడితే మాత్రం చూస్తూ ఊరుకోలేదు. ఆ ఎదుటివాడు మనిషే అయి ఉండాలన్న నియమం కూడా లేదు.

రెంటచింతలలో పుట్టి, సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా ఉద్యోగమంతా గడిపి, మా నరసరావుపేటలో రిటైరైన మనిషి. వేసవి వచ్చిందంటే టీవీలో ఎండల వార్తల్లో ముందు వినబడేది వాళ్ళ ఊరి పేరే. "మా ఊళ్ళో బల్లులు కూడా కాలు మార్చి కాలు ఎత్తుకుంటా నడుస్తయ్యి" అని చెబుతుంది. నవ్వకుండా చెబుతుంది కాబట్టి కాదనే ధైర్యం మాకెవరికీ లేదు. దాచేపల్లి నుంచి వచ్చే సిమెంటు లారీని చెయ్యెత్తి ఆపి, డ్రైవరు చేత మజ్జిగ తాగించి, గ్లాసు తిరిగి పుచ్చుకుని పంపించిన మనిషి ఆవిడ.

మా ఊరి కూడలిలో ఒక పాత కంచు విగ్రహం ఉంది. ఎవరిదో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. దాని నెత్తిన నీడ లేదని ఫిలోమినమ్మ మునిసిపాలిటీకి వెళ్ళింది.

"అమ్మా, అది కంచు" అన్నాడు గుమాస్తా.

"అందుకే చెబుతున్నా. కంచు చానా తొందరగా కాలుద్ది."

గుమాస్తా ఆలోచించి రేపు రమ్మన్నాడు. రేపు వెళ్ళింది, ఎల్లుండీ వెళ్ళింది. చివరికి విసిగిపోయి వాళ్ళు విగ్రహం పక్కన ఒక వేపమొక్క నాటారు. "అది పెరిగిందాకా?" అని అడిగింది. గుమాస్తా సెలవు పెట్టాడు.

ఇలాంటి మనిషి మా బొమ్మల జట్టులో ఎలా చేరిందో చెప్పాలి. మా ఊరి బరంపేటలో ముజమ్మిల్‌కు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దాని పైగదిలో త్రీడీ ప్రింటర్ పెట్టి బొటనవేలంత బొమ్మలు తీస్తాడు. రాక్షసులు, మాంత్రికులు, మరుగుజ్జు యోధులు, రెక్కల డ్రాగన్లు, పచ్చటి చెవుల గాబ్లిన్లు. బూడిదరంగులో పుట్టే ఆ బొమ్మలకు సన్నటి కుంచెలతో రంగులు వెయ్యడం మా వ్యసనం. నాది పురుగుమందుల కొట్టు. ఆదివారం కొట్టు మూసి నేను పైగదికి ఎక్కుతాను. ఇది పేకాట కంటే నయమని మా ఇంట్లో ఒప్పుకున్నారు. తాగుడు కంటే నయమని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ఒకనాడు ఫిలోమినమ్మ ఫోనుకు అద్దం వేయించుకుందామని దుకాణానికి వచ్చింది. బల్ల మీద నిలువెల్లా కవచం తొడుక్కున్న వీరుడి బొమ్మ కనబడింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఈయనకి ఒళ్ళంతా ఇనుము తొడిగారేంది?"

"కవచం ఆంటీ. యుద్ధానికి పోతన్నాడు" అన్నాడు ముజమ్మిల్.

"ఏ నెల్లో?"

ముజమ్మిల్ గోడ మీద క్యాలెండరు వంక చూశాడు.

"నెల కూడా చూడకుండా ఎట్టా పంపిచ్చారు రా?" అని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫోను సంగతి మరిచిపోయింది. తర్వాతి ఆదివారం కుంచె పట్టుకుని పైకొచ్చింది.

మా జట్టులో నాలుగోవారు, అసలైనవారు, శివరామయ్య మాస్టారు. నాకూ ముజమ్మిల్‌కూ హైస్కూల్లో డ్రాయింగు చెప్పారు. కోటప్పకొండ తిరునాళ్ళకు తాటిచెట్టంత ఎత్తున కట్టి ఊరేగించే ప్రభల మీద ఆయన వేసిన బొమ్మలు చూడ్డానికి జనం మెడలు విరుచుకునేవాళ్ళు. "గోడంత బొమ్మ ఎవుడైనా ఏస్తాడు. గోరంత బొమ్మ ఎయ్యండి రా చూద్దాం" అని మమ్మల్ని రెచ్చగొట్టి ఈ జట్టు పెట్టించింది ఆయనే.

దేశంలో ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళంతా ఆన్‌లైన్‌లో ఒక బృందంగా ఏర్పడి నెలనెలా పోటీ పెడతారు. ప్రతి నెలకూ ఒక అంశం. జట్టుకు నలుగురు, తలా ఒక బొమ్మ, నాలుగూ కలిపి ఒక దృశ్యంగా పేర్చి ఫోటోలు పంపాలి. నలుగురిలో ఒక్కరు తగ్గినా ఆ జట్టు లెక్కలోకి రాదు.

మా మొదటి అంశం అడవి. బొమ్మలకు రంగు వెయ్యడంలో అసలు కష్టం కళ్ళ దగ్గరే. ఆవగింజ పట్టని చోట తెలుపు, అందులో నలుపు, అందులో మళ్ళీ మెరుపుచుక్క. నావి మెల్లకళ్ళు అయ్యాయి. ముజమ్మిల్ మాంత్రికుడు దెయ్యాన్ని చూసినట్టు నిలబడ్డాడు. ఫిలోమినమ్మ బొమ్మ అసలు కళ్ళే తెరవలేదు, చెట్టు కింద నిద్రపోయింది. మిట్టమధ్యాహ్నం బుద్ధున్నవాడెవడైనా చేసే పని అదేనట. మాస్టారు వేసిన వేటగాడికి కుడికన్ను జారి చెంప మీద పడింది. మేం నవ్వాం, ఆయనా నవ్వారు. ఆ తర్వాత కొన్ని ఆదివారాలు ఆయన రాలేదు. మనవరాలి పెళ్ళి పనులున్నాయని కబురు పంపారు. మనవరాలు మూడో తరగతి. పెద్దవాళ్ళ విషయం కదా అని మేం ఆరా తియ్యలేదు.

చివరికి ఫిలోమినమ్మే వాళ్ళింటికి వెళ్ళి ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చింది.

"మాస్టారూ, నా గాబ్లినోడికి ఎండదెబ్బ తగిలేటట్టుంది. తువ్వాలు కప్పాల. గుడ్డ మడతలు ఎట్టా పడతయ్యో నాకు చేతగావట్లా. మీరే చెయ్యాల" అంది.

మాస్టారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. పైపుల కారుడు ఆపే ఎంసీల్ ముద్దను అప్పడంలా పల్చగా ఒత్తి, కళ్ళకు ఎండ కొట్టకుండా దూది పెట్టి ఆవిడ తెచ్చిన గాబ్లిన్ తల మీద కప్పి, కొసను ముక్కు దాకా దించి, బొటనవేలితో అక్కడక్కడా నొక్కారు. మిరపకోతకు వెళ్ళే కూలీ కప్పుకున్న తువ్వాలు ఎలా ఉంటుందో అచ్చం అలా వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన మాకు తువ్వాళ్ళ శాఖ అధిపతి. ఆ రోజు నుంచి మా బొమ్మల్లో ఒక్కదానికీ ముఖం లేదు. నలుగురిలో ఇద్దరికి కప్పి ఇద్దరిని ఎండలో వదిలేస్తే పక్షపాతమని ఫిలోమినమ్మ తీర్పు.

తర్వాతి అంశం నిప్పు. డ్రాగన్‌కు తువ్వాలు చుట్టి, దాని ముందు ఫిలోమినమ్మ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళ కుండ పెట్టింది. డ్రాగన్ తల మీద ఉన్నదేమిటని న్యాయనిర్ణేతలు రాసి అడిగారు.

"లోపల నిప్పు, బయట ఎండ. కప్పకపోతే బతుకుద్దా? రాయి రా" అని ముజమ్మిల్‌ను గదిమింది. వాడు రాశాడు. మార్కులు పోయాయి.

ఆ పై నెల చీకటి గుహ. అప్పుడూ తువ్వాళ్ళే.

"గుహలో ఎండెక్కడిది ఆంటీ?" అని ముజమ్మిల్ తల పట్టుకున్నాడు.

"గుహలోనే పుట్టాడా వాడు? బయట్నుంచి నడిచొచ్చాడు గందా!"

న్యాయనిర్ణేతలు ఈసారి పొడుగ్గా రాశారు. రంగులు బాగున్నాయి, గుడ్డ మడతలు అద్భుతం, కానీ మీ యోధులంతా దొంగతనానికి బయల్దేరినట్టు ఎందుకున్నారని అడిగారు.

అలా ఏడాది చివరి అంశం వచ్చింది. మంచు లోకం. ఇందులో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన జట్లకు విజయవాడ ప్రదర్శనలో సొంత బల్ల ఇస్తారు. పల్నాడు జట్టు అని పెద్ద అక్షరాలతో ముజమ్మిల్ అప్పుడే బ్యానరు కొట్టించేశాడు. జట్టు నాయకుణ్ణి నేను. కాబట్టి గొంతు సవరించుకుని ఆజ్ఞ జారీ చేశాను.

"ఈసారి ఒక్క తువ్వాలు కూడా ఉండకూడదు. అందరికీ ముఖాలుండాలి, కళ్ళుండాలి."

"మంచు మీద పడే ఎండ మామూలు ఎండ కాదు నాగార్జునా. ఎగిరొచ్చి కళ్ళలో కొడుద్ది" అంది ఫిలోమినమ్మ.

"మీరు వేసేది మంచు రాక్షసుణ్ణి సిస్టరమ్మా."

"అయితే మరీ ప్రమాదం. కరిగి చస్తాడు."

నేను మెత్తబడలేదు. ముజమ్మిల్ బ్యానరు విప్పి చూపించాడు. మాస్టారు మాత్రం మెల్లగా సంచి సర్దుకున్నారు.

"ఈ నెల నాకు కుదరదురా. ఇంకెవర్నైనా చూసుకోండి."

"మీరు లేకపోతే జట్టే లేదు మాస్టారూ! ఏంది అంత పని?" అని నేను అడ్డుపడ్డాను.

"మనవరాలి పెళ్ళి" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ పాప అప్పటికి నాలుగో తరగతిలోకి వచ్చింది.

ఫిలోమినమ్మ నా వంక చూసింది. ఇంజెక్షను ఇచ్చే ముందు నర్సులు చూసే చూపది. కోపంగా లేచేసరికి మోచెయ్యి తగిలి ఆవిడ మంచు రాక్షసుడు బల్ల మీంచి గచ్చు మీద పడ్డాడు. నేను వద్దనేలోపే వాడికి తువ్వాలు కప్పించేసి ఉంచింది. అది దూదితో సహా పెళ్ళలుగా ఊడిపోయింది. బొమ్మను చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పాను.

దాని కింద రెండు కళ్ళున్నాయి. నీలి పాపలు, వాటిలో మెరుపుచుక్కలు, కొసల్లో నిద్రలేని ఎరుపు జీరలు కూడా. చేతిలోంచి నన్నే చూస్తున్నాయి. మా జట్టులో అలాంటి కళ్ళు దిద్దగలవాడు లేడు. పోటీల్లో కూడా నేను చూడలేదు.

"ఇవి ఎవరు వేశారు?"

"నా బొమ్మకి పక్కింటోళ్ళేస్తారా?" అంది ఫిలోమినమ్మ.

ముజమ్మిల్ అలమరలోంచి ఆవిడ పాత బొమ్మలన్నీ దించి, బ్లేడుతో ఒక్కో తువ్వాలూ, కింది దూదీ లేపి చూశాడు. గాబ్లిన్‌కు కొంటె కళ్ళు. డ్రాగన్‌కు దాహపు కళ్ళు. గుహ కాపలావాడికి నిద్రకు తూలే కళ్ళు.

"అన్నిటికీ ఉన్నయ్యన్నా!" అన్నాడు.

"ఇంత బాగా కళ్ళేసి మళ్ళీ కప్పడమేంది సిస్టరమ్మా?"

"కళ్ళు లేకపోతే తువ్వాల్లోంచి దారెట్టా కనపడుద్ది వాడికి?"

ఆ మాట పూర్తి నమ్మకంతో అంది. తర్వాత మెట్ల వంక చూసి గొంతు తగ్గించింది.

"మాస్టారు టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటారు, చూశావా?"

చూశాను. టీ వేడిగా ఉందనుకున్నాను.

"చెయ్యి వణుకుద్దిరా ఆయనకి. నాకు ఆయన చెప్పలా, నేనూ అడగలా. ఇన్నేళ్ళు నర్సుజ్జోగం చేసినదానికి ఒకరు చెప్పాలా? ఏలితో నొక్కే పనైతే ఇంకా బాగానే చేస్తాడు. కుంచె మొన నిలవదు. ఆ ఏటగాడి కన్ను జారిన్నాడు మీరు నవ్వుతా కూర్చున్నారు, మెట్లు దిగేటప్పుడు ఆయన మొహం నేను చూశా. అందరి కళ్ళూ మూసేస్తే ఎవురికి కుదర్లేదో ఎవురికి తెలుసుద్ది?"

ఏడాదిగా మేం ఎండపిచ్చి అని నవ్వుకున్న మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగింది. కాళ్ళకు దండం పెడదామని వంగబోయాను.

"ముందు ఫ్యాను కింద కూర్చో. మొహం ఎర్రబడింది" అంది ఫిలోమినమ్మ.

సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్ళాను. పెళ్ళికూతురు వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుకుంటోంది.

"మాస్టారూ, నేను చానా పొరపాటు పడ్డా. మంచు లోకమంటే చలి గదా. అందరికీ దుప్పట్లు, మంకీ క్యాపులు కావాల. మడతల పని మొత్తం మీదే."

"మంకీ క్యాపైతే కళ్ళు కనపడతయ్యిగదరా?"

"ముక్కు దాకా దించుకుంటారు మాస్టారూ. చలి మామూలుగా లేదక్కడ."

"అయితే సరేలే. పెళ్ళి కూడా వాయిదా పడింది" అని సంచి అందుకున్నారు.

అన్నిటికంటే నష్టపోయినవాణ్ణి నేను. మా మంచు మహారాణికి వారాల తరబడి కష్టపడి కళ్ళు దిద్దాను. జీవితంలో మొదటిసారి రెండూ ఒకే దిక్కు చూశాయి. మాస్టారు వాటి మీదుగా కంబళి కప్పి బొటనవేలితో నొక్కారు. మహారాణి, మంచు రాక్షసుడు, తోడేలు, మరుగుజ్జు యోధుడు ముసుగులు వేసుకుని, చలిమంట చుట్టూ గొంతుక్కూర్చున్నారు. మాచర్ల బస్టాండులో పుష్యమాసం తెల్లవారుజామున మొదటి బస్సు కోసం చూసే జనంలా ఉన్నారు. వాళ్ళ మధ్య మజ్జిగ కుండ పెట్టబోతే ఫిలోమినమ్మను ముగ్గురం పట్టుకుని ఆపాం.

ఫలితాలు వచ్చాయి. మంచు లోకమంటే అన్ని జట్లూ మంచును వేశాయట, చలిని వేసింది మేమొక్కళ్ళమేనట. మూడో స్థానం ఇచ్చారు. ముజమ్మిల్ బ్యానరును ముద్దుపెట్టుకున్నాడు.

విజయవాడలో మా బల్ల దగ్గర జనం బాగానే ఆగారు. ఫిలోమినమ్మ మాత్రం బల్ల దగ్గర లేదు. టికెట్ల వరసలో జనం డిసెంబరు ఎండలో నిలబడి ఉన్నారని, ముజమ్మిల్‌ను లాక్కుని, మా బ్యానరు విప్పుకుపోయి వాళ్ళ నెత్తిన పందిరిలా పట్టుకుంది. బల్ల దగ్గర నేనూ మాస్టారూ మిగిలాం.

ఆయన చుట్టూ చూసి నా చెవి దగ్గరికి వంగారు.

"ఒరేయ్ నాగార్జునా, నీకొకటి చెబుతా, ఎవురితో అనబాక. పాపం ఆ సిస్టరమ్మకి కళ్ళు దిద్దటం రాదురా."

నేను మాస్టారి ముఖంలోకి చూశాను. పూర్తి నమ్మకంతోనే చెబుతున్నారు.

"మొదటి నెల్లోనే కనిపెట్టా. నిద్రపోతున్నాడని వంక పెట్టింది చూడు, అప్పుడే. ఆ తర్వాత ఏ బొమ్మ తెచ్చినా కళ్ళ చోట దూది పెట్టే తెచ్చింది. అందుకే తువ్వాలు కప్పమనంగానే కాదనకుండా కప్పుకుంటా వచ్చా. నువ్వేమో కళ్ళుండాలని పట్టుబట్టావు. ఆ తల్లి నలుగుర్లో చిన్నబోద్దని, జట్టే లేకుండా పోతే గొడవుండదని, నేనే తప్పుకున్నా."

"మంచి పని చేశారు మాస్టారూ" అన్నాను.

"చెయ్యటం కాదురా, ముందు సంగతి చూడాల. వచ్చే నెల అంశం సముద్రమంట. నీళ్ళలో తువ్వాలు నిలవదు. ఆమె పరువు పోకుండా ఏదో ఒకటి ఆలోచించు."

సరేనన్నాను. కుర్చీలు దగ్గరికి జరుపుకుని, తిమింగలానికి ముసుగు ఎటువైపు నుంచి వేస్తే సహజంగా ఉంటుందో ఇద్దరం ఆలోచించడం మొదలుపెట్టాం.