రేపు చూపిస్తానన్న బుట్ట

డెబ్బైల చివర అరబ్బు దేశంలో, ఘాలా అనే ఎడారి ఊరి దగ్గర కంపెనీ బోరు మీద నా డ్యూటీ. ఒక రేకుల షెడ్డు, అందులో జపాను డీజిలు పంపు, పక్కన నేను. రోజుకోసారి నీళ్ళ ట్యాంకరు వచ్చేది. డ్రైవరు హైదరాబాదు మనిషి, మంచివాడే గానీ సీటు దిగేవాడు కాదు. ఇంజను రొదలో నా గొంతు నాకే వినపడక, మాట్లాడడమే మరిచిపోతానేమోనని భయం పట్టుకుంది.

అప్పుడొచ్చారు చైనావాళ్ళు ఇద్దరు. వాళ్ళ దేశం తలుపులు తెరిచి, బయటి యంత్రాలు కొనాలని, నేర్చుకోవాలని మనుషుల్ని పంపుతున్న రోజులవి. ఒకాయన ఇంజనీరు, ఇంకొకాయన దుబాసీ. ఎక్కడ నేర్చాడో, నాకంటే శుద్ధమైన హిందీ మాట్లాడాడు. కమ్యూనిస్టులు కదా, ఉపన్యాసం దంచుతారనుకున్నాను. వీళ్ళు ప్రశ్నలు తప్ప ఏమీ వేయలేదు. ఎన్ని గంటలు తిరుగుతుంది, ఏ నూనె పోస్తావు, అంతా నోటుబుక్కులోకే.

పంపు కొత్తదే. దాన్ని కాపాడేది మాత్రం నా పాత పంచె. ఇక్కడి దుమ్ముకి ఫిల్టరు రెండ్రోజుల్లో మూసుకుపోయేది. మా కరీంనగర్ వైపు పొలాల్లో ఆయిలింజన్లకు కట్టినట్టే, గాలి పీల్చే గొట్టానికి గుడ్డ కట్టాను. ఇంజనీరు చూపు దాని మీదే పడింది.

"ఇంజను ఈ గుడ్డను లోపలికి లాగేసుకోదా?" అని అడిగించాడు.

గుడ్డకీ గొట్టానికీ మధ్య తీగతో అల్లిన బుట్ట ఉంది, అంతే. ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చెప్పేస్తే వెళ్ళిపోతారని, "ఇంజను ఆపితేగానీ కనపడదు సాబ్, రేపు రండి" అన్నాను.

మర్నాడు వచ్చారు. చాయ్ పెట్టాను. మీ ఊళ్ళో ఏం పండుతుందని దుబాసీ అడిగాడు. వరి, మొక్కజొన్న అన్నాను. వాళ్ళ ఊళ్ళోనూ అవేనట. ఎన్నాళ్ళకో ఒక మనిషితో మాట్లాడుతున్నాను, ప్రాణం లేచొచ్చింది. ఆశ ఊరుకోదుగా, "ట్యాంకరు నిండలేదు, ఇవాళ ఆపలేను. రేపు తప్పకుండా" అన్నాను. ఇంజనీరు గొట్టం బొమ్మ గీసి, గుడ్డ కింద చోటు ఖాళీగా వదిలాడు.

మూడో రోజు తెల్లవారుతూనే తలస్నానం చేసి, మూడు గ్లాసులు కడిగి, ఇంజను ఆపేసి కూర్చున్నాను. ఎండెక్కాక ట్యాంకరు వచ్చింది. చైనావాళ్ళేరని అడిగాను.

"వో లోగాఁ? సుబే ఇచ్ చలే గయే భాయ్" అన్నాడు డ్రైవరు. పొద్దున్నే మత్రా రేవులో ఓడెక్కేశారట.

నేర్చుకోవడానికి అంతదూరం నుంచి వచ్చినవాళ్ళ దగ్గర ఒక తీగబుట్ట దాచానే అని సిగ్గేసింది. ట్యాంకరు వెళ్ళాక గుడ్డ విప్పాను. బుట్ట చేతిలోకి తీసుకుని, వాళ్ళు కూర్చున్న బల్ల వైపు తిరిగి, ఎలా అల్లాలో మొదటి నుంచి చివరిదాకా తెలుగులోనే గట్టిగా చెప్పాను. ఇంజను ఆపే ఉంది. ప్రతి మాటా నాకు వినపడింది.